బండి మీద ఎవరి పేరు?

మోటారు పందేల మాట ఎత్తగానే మన ఇళ్లలో పెద్దవారు ముఖం చిట్లిస్తారు. డబ్బున్నవారి సరదా అని కొందరు, ప్రాణాల మీదికి తెచ్చుకునే దూకుడు అని మరికొందరు తేల్చివేస్తారు. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడవ సంవత్సరంలో ఉండగా, కళాశాల జట్టు తయారుచేసే బండికి స్పాన్సర్లను వెతికే బాధ్యతను తనకు అప్పగించారని ఇంటికి వచ్చి చెప్పింది. బంధువులకు ఈ సంగతి తెలిశాక మాకు అందిన సలహాలన్నీ పై రెండు మాటల చుట్టూనే తిరిగాయి. ఆ ఏడాది పొడవునా ఆమె వెంట నడిచిన తల్లిదండ్రులుగా మేము చూసినది మాత్రం వేరు. ఇటువంటి కోరికతో ముందుకు వచ్చే పిల్లలు మరికొన్ని ఇళ్లలోనూ ఉంటారు. వారికి ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఆ పోటీ గురించి కొంత చెప్పాలి. దాని పేరు బాహా. 1976లో అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో 2007 నుండి ఎస్.ఎ.ఇ. ఇండియా అనే ఇంజినీర్ల సంస్థ దీనిని నిర్వహిస్తోంది. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ సమీపాన, పీతంపూర్ వాహన పరీక్షా కేంద్రంలో ఏళ్ల తరబడి ఈ పోటీలు జరిగాయి. గుంతలు, బురద, రాళ్లు నిండిన నేల మీద నడిచే ఒంటి సీటు బండిని విద్యార్థులే గీసి, కోసి, అతికి తయారుచేయాలి. పెట్రోలు విభాగంలో అందరికీ ఒకే రకమైన పది హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటుంది కనుక ధనికుల జట్టు పెద్ద ఇంజిన్ పెట్టి గెలిచే వీలు లేదు. చివరి రోజున నాలుగు గంటల పాటు ఆగకుండా సాగే పరుగులో బండి దృఢత్వం తేలుతుంది. అంతకుముందే బ్రేకులను, డ్రైవరు చుట్టూ ఉండే ఉక్కు పంజరాన్ని, బెల్టులను, మంటలార్పే సిలిండరును, ఇంజిన్‌ను వెంటనే ఆపివేసే స్విచ్‌ను నిపుణులు ఒక్కొక్కటిగా తనిఖీ చేస్తారు. అందులో నెగ్గని బండి పరుగుకు దిగదు. ఈ వివరాలు విన్న తరువాతనే మా ఇంట్లో అమ్మ మనసు కొంత కుదుటపడింది.

లెక్క ఇలా ఉంది. బండికి, ప్రయాణానికి, ప్రవేశ రుసుముకు కలిపి సుమారు 6 లక్షల రూపాయలు కావాలి. కళాశాల 2 లక్షలు ఇస్తానన్నది. జట్టులోని 25 మంది తలా 5 వేలు వేసుకుంటే లక్షా 25 వేలు. మిగిలిన 2 లక్షల 75 వేలు బయటి నుండి రావాలి. మా అమ్మాయి భుజాన పడిన భారం అదే.

అడగడమా, యాచించడమా?

మాకు ఎదురైన తొలి సంకోచం డబ్బు గురించి కాదు, అడగడం గురించి. చేయి చాచవద్దని, ఇచ్చే చేయి పైదిగా ఉండాలని మనం పిల్లలకు చిన్ననాటి నుండి నేర్పుతాము. అలా పెంచిన అమ్మాయిని ఇప్పుడు అంగడి అంగడికీ పంపి డబ్బు అడగమనడం సబబేనా?

ఆలోచించగా ఒక భేదం స్పష్టమైంది. అవసరంలో ఉన్నవాడు బదులు ఏమీ ఇవ్వలేక కోరేది సహాయం. స్పాన్సర్ ఇచ్చే డబ్బుకు బదులు ఉంది. అతని పేరు బండి మీద ఉంటుంది. అది వెళ్లిన ప్రతి చోటికీ ఆ పేరు వెళ్తుంది. అది ఒక విధంగా వ్యాపార ఒప్పందం. ఒప్పందమైనప్పుడు ఇరువైపులా ఏమి ఇస్తున్నారో, ఏమి పుచ్చుకుంటున్నారో ముందే తేటతెల్లం కావాలి. అందుకని మా అమ్మాయి ఒక కాగితం తయారుచేసింది. బానెట్ మీద పేరుకు ఇంత, పక్క పలకల మీద ఇంత, జట్టు చొక్కాల మీద ఇంత అని అందులో ధరలు రాసింది. గెలుస్తామని మాత్రం ఎక్కడా రాయలేదు. "గెలుపు మా చేతుల్లో లేదు అబ్బా, బండిని అక్కడికి చేర్చడం వరకే మాట ఇవ్వగలం" అన్నది. ఆ మాట విన్నాక ఆమెను పంపడానికి మాకు సంకోచం మిగలలేదు.

మొదట పెద్ద కంపెనీల సామాజిక బాధ్యతా నిధులను అడగాలనుకున్నారు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన సంస్థలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజ హితానికి వెచ్చించాలి. అయితే తమ సరుకు ప్రచారం కోసం స్పాన్సర్‌షిప్‌గా ఇచ్చిన సొమ్మును ఆ ఖర్చు కింద చూపుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. అంటే బండి మీద పేరు వేయించుకుని, ఆ డబ్బును దాతృత్వంగా రాసుకోవడం కుదరదు. ఈ సంగతి తెలియక రెండు నెలల పాటు ఉత్తరాలు రాస్తూ కూర్చునే జట్లు ఎన్నో ఉన్నాయట. మార్గదర్శకులైన అధ్యాపకులు ముందే చెప్పడం వల్ల మా పిల్లలు ఆ దారి విడిచి వీధిలోకి దిగారు.

ఆటోనగర్ దారుల్లో

విజయవాడ ఆటోనగర్‌ను చూడనివారికి దాని గురించి చెప్పడం కష్టం. లారీ ఛాసిస్ ఒక వైపు నుండి వస్తే, బాడీ కట్టించుకుని, రంగు పూయించుకుని, వెనుక బొమ్మలు వేయించుకుని మరోవైపు నుండి బయటకు పోతుంది. లేత్ మిషన్లు, వెల్డింగ్ షాపులు, కమాన్ కట్టలు సరిచేసే కొలుములు, సీటు కవర్లు కుట్టేవారు, నంబరు ప్లేట్లు అతికే రేడియం షాపులు అక్కడ వరుసగా ఉంటాయి. మన సోదరులు ఎందరో తరతరాలుగా ఈ పనుల్లో ఉన్నారు. ప్రతి ఆదివారం మా ఇద్దరిలో ఒకరం తోడుగా వెళ్లేవాళ్లం. మాట్లాడేది మాత్రం అమ్మాయే.

తొలి మూడు వారాలు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అయితే ఎవరూ కసురుకోలేదు కూడా. టీ ఇచ్చి కూర్చోబెట్టి, గీసిన బొమ్మను చూసి, "ఈ మూల దగ్గర పైపు విరుగుతుందమ్మా, ఇక్కడ ఒక అడ్డు ముక్క వేయండి" అని చెప్పిన మేస్త్రీలు ఉన్నారు. ఇంజినీరింగ్ పుస్తకంలో లేని ఆ సలహా చివరికి బండిలోకి వెళ్లింది.

నాలుగవ వారంలో ఒక వెల్డింగ్ షాపు యజమాని తాను డబ్బు ఇవ్వలేనని, పంజరం పైపులు వంచి అతికే పని మాత్రం కూలి లేకుండా చేయిస్తానని అన్నాడు. ఆ కూలి 40 వేల దాకా ఉంటుంది. రేడియం షాపు నడిపే చాచా ఒకరు, "బేటీ, నీ బండి మీద అందరి పేర్లూ నేను అతికిస్తాను, నా పేరు చిన్నదిగా వెనక వేసుకుంటాను" అన్నారు. మిర్చి లోడుతో ఇండోర్ వైపు వెళ్లే ఒక లారీ యజమాని బండిని తన లారీలోనే చేరుస్తానన్నాడు. స్పాన్సర్ అంటే నగదు మాత్రమే అనుకునేవారు ఇది గమనించాలి. పనిగా, వస్తువుగా, రవాణాగా వచ్చేదంతా ఖర్చును తగ్గించే సహకారమే. ఇటువంటి చిన్న జట్లకు అది నగదు కంటే తొందరగా దొరుకుతుంది కూడా.

పెద్ద మొత్తం వచ్చిన రోజు

ఇంతలో ఒక పెద్ద అవకాశం వచ్చింది. నగరంలో బార్లు నడిపే ఒక సంస్థ 2 లక్షల 50 వేలు ఒక్కసారిగా ఇస్తానన్నది. బండి మీద మద్యం మాట ఉండదట. వారు అమ్మే తాగునీటి సీసా పేరు వేస్తే చాలునట. ఆ నీటి సీసా పేరు, గుర్తు, రంగు అన్నీ వారి బార్ల పేరు, గుర్తు, రంగులే.

జట్టంతా సంబరపడింది. మా అమ్మాయి మాత్రం ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదు. "నా వరకు ఇది హరామ్ అని నాకు తెలుసు. కానీ జట్టులో మేము ముగ్గురమే ముస్లింలం. నా నమ్మకం కోసం మిగతా 22 మంది కష్టాన్ని ఆపే హక్కు నాకుందా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగల జ్ఞానం మాకు లేదు. మర్నాడు మస్జిద్‌లో ఇమామ్ గారిని సంప్రదించాము. పోటీలు, బహుమతుల విషయం ధర్మశాస్త్రానికి కొత్తది కాదని ఆయన వివరించారు. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందేలు జరిపించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు ఎక్కువ దూరం, పొందని వాటికి తక్కువ దూరం నిర్ణయించినట్లు హదీసులలో ఉంది. పోటీదారులే తలా కొంత సొమ్ము ఒడ్డి, గెలిచినవాడు అంతా పట్టుకుపోయే పద్ధతిని ధర్మవేత్తలు జూదంగా పరిగణించారు. పాలకుడో, పోటీతో సంబంధం లేని మూడవ వ్యక్తో బహుమతి ఇస్తే దానిని వేరుగా చూశారు. ఏయే పోటీలకు ఈ అనుమతి వర్తిస్తుందన్న విషయంలో వారి మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. ఇదంతా చెప్పి, "మీ విషయంలో రెండు సంగతులు చూసుకోండి. డబ్బు ఎక్కడి నుండి వస్తోంది, దానికి బదులుగా మీరు దేనిని జనంలోకి తీసుకువెళ్తున్నారు" అన్నారు.

రెండవ ప్రశ్న దగ్గర మా సందేహం తీరింది. నీటి సీసా పేరు పెట్టుకున్నంత మాత్రాన బార్ పేరు బార్ పేరు కాకుండా పోదు. మన చట్టం కూడా ఈ చాటు ప్రచారాన్ని గుర్తించింది. ప్రకటించకూడని సరుకును మరో సరుకు ముసుగులో ప్రకటించడాన్ని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తన మార్గదర్శకాలలో నిషేధించింది.

మొదటి ప్రశ్న, అంటే తోటివారి హక్కు మాటేమిటి? అమ్మాయికి మేము చెప్పింది ఇంతే. ఇతరుల మీద నీ నిర్ణయాన్ని రుద్దకు. అయితే నీ చేతుల మీదుగా జరగనివ్వలేని పనిని మౌనంగా మోయకు కూడా. డబ్బు చేతికి వచ్చాక చెబితే అది ద్రోహమవుతుంది. ఇప్పుడే చెప్పు. నీకు బదులుగా ఏమి చేయగలవో కూడా చెప్పు.

ఆమె జట్టు ముందు నిలబడి అలాగే చెప్పింది. ఆ సొమ్ము తీసుకోవాలని అందరూ నిర్ణయిస్తే తాను అడ్డు చెప్పనని, స్పాన్సర్ల బాధ్యతను మరొకరికి అప్పగించి బ్రేకుల పనిలో కొనసాగుతానని అన్నది. మూడు వారాలు గడువిస్తే ఆ మొత్తాన్ని మరో దారిలో కూడగట్టే ప్రయత్నం చేస్తానని కూడా అన్నది. చర్చ చాలాసేపు సాగిందట. "చేతికి వచ్చిన దాన్ని వదులుకోవడం ఏమిటి?" అని కొందరు కోప్పడ్డారు. నెల్లూరు జిల్లా నుండి వచ్చిన ఒక విద్యార్థి వేరొక మాట అన్నాడట. 1992లో దూబగుంట మహిళలు సారాకు వ్యతిరేకంగా లేచిన జిల్లా తనదని, స్టీరింగ్ ఉన్న బండి మీద మందు కంపెనీ గుర్తు పెట్టుకుని ఊరికి వెళ్లలేనని అన్నాడట. చివరికి స్వల్ప ఆధిక్యంతో మూడు వారాల గడువు ఇచ్చారు. ఇద్దరు మిత్రులు ఆ తరువాత చాలా రోజులు మా అమ్మాయితో ముభావంగానే ఉన్నారు. విలువ కోసం నిలబడితే అందరూ మెచ్చుకుంటారని పిల్లలకు మనం చెప్పకూడదు. అలా జరగదు.

ఆ వారాలలో ఆమెకు ధైర్యమిచ్చిన విషయాలు మోటారు క్రీడలలోనే దొరికాయి. 1968 వరకు ఫార్ములా వన్ కార్లు చాలావరకు తమ దేశపు రంగుల్లో పరుగెత్తేవి. ఆ ఏడాది లోటస్ జట్టు తన కారుకు ఒక సిగరెట్ పెట్టె రంగులు పూసింది. తరువాత దశాబ్దాల పాటు ఈ క్రీడ పొగాకు సొమ్ము మీద నడిచింది. అది లేకపోతే పందేలే ఉండవన్నారు. 2005 నుండి ఐరోపా సమాఖ్య అటువంటి స్పాన్సర్‌షిప్‌ను నిషేధించింది. పందేలు ఆగలేదు, డబ్బు వేరే చోట్ల నుండి వచ్చింది. బహ్రెయిన్‌లో 2004లో పందేలు మొదలైనప్పటి నుండి విజేతలు షాంపేన్‌కు బదులు పన్నీటి పానీయాన్నే చల్లుకుంటున్నారు. దక్షిణాఫ్రికా క్రికెటర్ హాషిమ్ ఆమ్లా తన జట్టు స్పాన్సరైన బీరు కంపెనీ గుర్తు లేని చొక్కాతోనే ఆడాడు. అతని పరుగులు తగ్గలేదు, జట్టు అతన్ని వదులుకోలేదు.

రసీదులో రాసేది

గడువు లోపల మరో పరీక్ష వచ్చింది. ఒక వ్యాపారి 50 వేలు ఇస్తాను, లక్షకు రసీదు రాసివ్వండి అన్నాడు. పన్ను లెక్కల్లో చూపుకోవడానికట. వ్యాపారం నూటికి నూరుపాళ్లూ ధర్మసమ్మతమే, మనిషి మర్యాదస్తుడే. కానీ రసీదు అబద్ధం. మద్యం విషయంలో వెంటనే వద్దనే మనవాళ్లు ఇటువంటి చోట, "అందరూ చేసేదే కదా" అంటారు. మేమలా అనలేదు. రాసిన లెక్క అమానత్ అని అమ్మాయి కూడా గట్టిగా నమ్మింది. 50 వేలకు 50 వేల రసీదే ఇస్తామన్నది. అతడు మళ్లీ ఫోన్ చేయలేదు.

అల్‌హమ్దులిల్లాహ్, మూడు వారాల చివరికి లెక్క ఇలా తేలింది. ఒక కోచింగ్ సెంటర్ 50 వేలు, టైర్ల డీలరు 30 వేలు, బిర్యానీ హోటల్ 20 వేలు, కళాశాల పూర్వ విద్యార్థులు కలిసి 60 వేలు ఇచ్చారు. అది లక్షా 60 వేల నగదు. వెల్డింగ్ పని 40 వేలు, లారీ రవాణా 35 వేలు, స్టిక్కర్లు 5 వేలు కలిపి 80 వేల విలువైన సహకారం. ఇంకా 35 వేలు తక్కువ పడ్డాయి. కొత్త గేర్‌బాక్స్ కొనడం మానుకుని, మునుపటి జట్టు వాడిన దానినే విప్పి, శుభ్రం చేసి బిగించారు. బార్ సంస్థ సొమ్ము తీసుకుని ఉంటే కొత్త గేర్‌బాక్స్ వచ్చేది. ఈ నిజాన్ని జట్టు దగ్గర ఎవరూ దాచలేదు.

బండి పోటీకి వెళ్లింది. తనిఖీలన్నీ నెగ్గింది. నాలుగు గంటల పరుగులో మూడవ గంట దాటాక ముందు చక్రం దగ్గరి ఉక్కు చేయి విరిగి ఆగిపోయింది. పాత గేర్‌బాక్స్ మాత్రం చివరి వరకు పనిచేసింది. బహుమతుల జాబితాలో మా పిల్లల పేరు లేదు.

తిరిగి వచ్చిన వారంలోనే అమ్మాయి ప్రతి స్పాన్సర్ దగ్గరికీ వెళ్లింది. ఖర్చుల పట్టిక, వారి పేరు కనిపించే ఫోటో, బండి ఎక్కడ, ఎందుకు ఆగిందో వివరించే ఒక పేజీ ఇచ్చింది. డబ్బు తీసుకున్నాక మళ్లీ ముఖం చూపించిన జట్టు ఇదేనని టైర్ల డీలరు అన్నాడు. వెల్డింగ్ షాపు యజమాని విరిగిన ముక్క ఫోటో అడిగి తీసుకుని, అతుకు దగ్గర విరిగిందా, పైపు దగ్గర విరిగిందా అని చాలాసేపు పరిశీలించాడు. పైపు దగ్గరే అని తేలాక అతని ముఖం విప్పారింది.

ఇటువంటి దారిలో నడిచే పిల్లల కోసం

మన పిల్లల్లో ప్రతిభకు కొరత లేదు. కేరళకు చెందిన హరిత్ నోవా 2024లో సౌదీ అరేబియా ఎడారిలో జరిగిన డకార్ ర్యాలీలో తన విభాగంలో మొదటి స్థానం పొందాడు. అటువంటివారి వెనుక వాహన కంపెనీల జట్లు ఉంటాయి. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ వెనుక కూడా టాటా సంస్థ నిలిచింది. ఆ స్థాయికి చేరకముందు ప్రతి పిల్లవాడూ వీధి వీధి తిరిగే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో తోడు నిలవాల్సింది ఇంటివారే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లలు ఇటువంటి పనికి పూనుకుంటే, ఎవరి డబ్బు తీసుకోకూడదో మొదటి రోజునే కూర్చుని రాసుకోండి. మద్యం, పొగాకు, పందేల యాప్‌లు, వడ్డీ వ్యాపారం అన్నీ అందులో ఉండాలి. డబ్బు ఎదురుగా ఉన్నప్పుడు నిర్ణయించడం కష్టం. ఆ జాబితాను జట్టుకు ముందే చూపమనండి. సొమ్ము కళాశాల ఖాతాలోకే రావాలి, పిల్లల ఖాతాలోకి కాదు. వచ్చింది ఎంతో రసీదు అంతే ఉండాలి. గెలుపును అమ్మవద్దనండి. ఓడి వచ్చినా లెక్క చెప్పి రమ్మనండి.

దుకాణాలు, వర్క్‌షాపులు ఉన్న మన సోదరులకు మరొక మాట. పిల్లలు కాగితం పట్టుకుని మీ గుమ్మం ఎక్కినప్పుడు మీ దగ్గర నగదు లేకపోవచ్చు. ఒక పూట పని, ఒక లారీలో కాస్త చోటు, ఒక అనుభవపు మాట ఉంటాయి. మీరు ఆ చిన్న మొత్తం ఇవ్వకపోతే, పెద్ద మొత్తంతో ఎదురు చూసేవారు ఎవరో మీకు తెలుసు.

మన పిల్లల శ్రమకు ధర్మసమ్మతమైన ఆసరా దొరికేలా, వారి చేతిలోని అమానత్‌ను వారు నిలుపుకునేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.